కిన్నెరసాని గట్టు మీద ఉడుము

కొత్తగూడెంలో భద్రాచలం బస్సెక్కితే పన్నెండు కిలోమీటర్లకు పాల్వంచ. ఊరు ఇంకా దూరంగా ఉండగానే కేటీపీఎస్ పొగగొట్టాలు కనిపిస్తాయి. పాత ప్లాంటుకు ఎనిమిది పెద్ద కూలింగ్ టవర్లు ఉండేవి. 2024 ఆగస్టులో వాటిని క్షణాల్లో కూల్చేసిన వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. భద్రాచలం పోయే జనంలో చాలామందికి పాల్వంచ అంటే ఈ పొగగొట్టాలు, ఆ తర్వాత పెద్దమ్మ గుడి దగ్గర కొట్టే కొబ్బరికాయ. అంతే. బండి మళ్లీ స్టార్ట్.

అక్కడి నుంచి అడవి వైపు మళ్లితే మాత్రం వేరే ప్రపంచం. యానంబైలు దాటగానే కిన్నెరసాని డ్యామ్, దాని వెనక నీళ్లు, నీళ్ల మధ్య చిన్న చిన్న లంకలు, చుట్టూ టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్ల కొండలు. విశ్వనాథ సత్యనారాయణ పాటలు కట్టిన కిన్నెరసాని ఇదే. ఆవిడ పరుగు ఇక్కడ కాసేపు ఆగి, థర్మల్ ప్లాంటుకు కాసిన్ని నీళ్లిచ్చి, బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1977లో దీని చుట్టూ ఉన్న 635 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. వీకెండ్ వస్తే డ్యామ్ మీద సెల్ఫీలు, బోటింగ్, జింకల పార్కు, బిర్యానీ పొట్లాలు. అందరి కళ్లూ నీళ్లలో మొసలి కోసం వెతుకుతుంటాయి. ఉన్నాయి కూడా, మగ్గర్ మొసళ్లు. ఎండకాసే పూట గట్టు మీద నోరు తెరుచుకుని పడుకుంటాయి.

నేను వెళ్లింది మొసలి కోసం కాదు. ఉడుము కోసం.

"ఉడుము కోసం హైదరాబాద్ నుంచి వచ్చినవా?" అని టీకొట్టు పెద్దాయన నవ్వాడు. "దానికోసం బోటెందుకు బాబూ? ఆ రాళ్ల కట్ట కాడ కూసో. నువ్వు తిరుగుతుంటే రాదు. ఎండెక్కినంక అదే వస్తది."

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు శాస్త్రం. ఉడుము చల్లని నెత్తురు ప్రాణి. రాత్రంతా బొరియలోనో, తొర్రలోనో, బండ సందులోనో పడుకుంటుంది. పొద్దున లేవగానే మనలాగా పనికి పరిగెత్తలేదు. ముందు ఒళ్లు కాగాలి. అందుకే ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య రాతి మీదకో, బాట మీదకో వచ్చి పొట్ట నేలకానించి ఎండ కాచుకుంటుంది. ఆ గంటే దాన్ని చూడ్డానికి మనకు మంచి సమయం. దాన్ని చంపడానికి వచ్చేవాడికీ అదే. ఆ సంగతి తర్వాత.

తొమ్మిదిన్నరకు వచ్చింది. ముందు తల. తర్వాత మెడ, చాలా పొడుగు మెడ, పాములా ఊగుతూ. ఆ తర్వాత వరసగా మిగతాదంతా వస్తూనే ఉంది. ముక్కు కొస నుంచి తోక కొస దాకా నా అంచనాలో మూడున్నర అడుగులు. మన ఉడుము బాగా పెరిగితే ఐదున్నర అడుగులు దాటుతుంది, ఏడు కిలోల దాకా తూగుతుంది. అందులో సగం కంటే ఎక్కువ పొడుగు తోకదే. రంగు బూడిద, మట్టి, ఎండిన ఆకు కలిపినట్టు. కదలకపోతే రాయి. పక్కనే బోటు దిగిన కుర్రాళ్లు "అరేయ్, మొసలి పిల్లరా" అని అరిచారు. రాయి ఒక్క క్షణంలో మాయమైంది.

మొసలి పిల్లా కాదు, పెద్ద తొండా కాదు. తొండకూ దీనికీ తేడా తెలియాలంటే పరుగు చూడాలి. మన పెరట్లో తొండను తరమండి. కాస్త దూరం ఉరికి ఆగుతుంది, మళ్లీ ఉరికి మళ్లీ ఆగుతుంది. మనల్ని ఎక్కిరిస్తోందనుకుంటాం గానీ దాని బాధ వేరు. బల్లి జాతిలో ఒళ్లు ఇటూ అటూ వంచుతూ పరిగెత్తించే కండరాలే ఊపిరి పీల్చడానికీ పని చేస్తాయి. కాబట్టి జోరుగా పరిగెత్తేటప్పుడు ఊపిరి సరిగా అందదు. ఆగి పీల్చుకోవాలి. ఉడుముకు ఈ తిప్పలు లేవు. అది పరిగెత్తుతూనే గొంతును పంపులా ఉబ్బించి, నొక్కి, గాలిని ఊపిరితిత్తుల్లోకి తోసేస్తుంది.

ఈ గుట్టు బయటపడింది మన ఉడుము మీద కాదు, ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఉండే దాని దాయాది సవానా ఉడుము మీద. అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి, పరిగెత్తుతుండగా ఎక్స్‌రే వీడియో తీశారు. జిమ్‌లో మనం చేసే పనే, కాకపోతే దానికి ఫీజు లేదు. గొంతు పంపు పనిచేయకుండా చేస్తే దానికీ మామూలు బల్లిలాగే ఊపిరి చాలలేదు. ఇది 1999లో. 2014లో అదే సవానా ఉడుము ఊపిరితిత్తుల్లో గాలి చాలా భాగం ఒకే దిశలో తిరుగుతుందని తేలింది. మనకు పీల్చిన దారినే వదలడం. పక్షులకు, మొసళ్లకు మాత్రం లోపల గాలి వన్‌వే ట్రాఫిక్. ఆ లిస్టులో ఉడుము కూడా చేరింది.  బండ మీద బద్ధకంగా పడుకున్నదాన్ని చూస్తే ఇంత ఇంజన్ లోపలుందని అనిపించదు.

ఆఫ్రికా మాట వచ్చింది కాబట్టి నైలు ఉడుము గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ ఖండంలో అన్నిటికంటే పొడుగు బల్లి అదే, రెండు మీటర్లు దాటుతుంది. నల్లటి ఒంటి మీద పసుపు చుక్కల చారలు. ఈజిప్టు నుంచి దక్షిణాఫ్రికా దాకా నదులు, చెరువుల పక్కన దాని కాపురం. అక్కడి నైలు మొసలి గూటిని తవ్వి గుడ్లు తినడంలో దాన్ని మించింది లేదు. ఒకటి తల్లి మొసలిని కవ్వించి పక్కకు తీసుకుపోతే ఇంకోటి గుడ్లు కొట్టేస్తుందని అక్కడ కథలు చెప్పుకుంటారు. కథ సంగతి ఏమో గానీ, గుడ్లు పెట్టే చోటు విషయంలో దాని తెలివి మాత్రం నిజం. వానలకు మెత్తబడిన చెదపుట్టను గోళ్లతో తవ్వి లోపల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. చెదలు తమ ఇంటికి పడిన కన్నాన్ని తామే పూడ్చుకుంటాయి. లోపల తేమ మారదు, వేడి మారదు. అద్దె లేని ఏసీ గది, పైగా కాపలా ఉచితం.

కిన్నెరసాని గట్టు మీద కూర్చుంటే ఆ జోడీయే కళ్ల ముందు కనిపిస్తుంది. నైలు మొసలి బదులు మగ్గర్, నైలు ఉడుము బదులు మన ఉడుము. మగ్గర్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య గట్టు మట్టిలో గొయ్యి తీసి పాతిక, ముప్పై గుడ్లు పెడుతుంది. రెండు నెలలకు, వానలు పడబోయే ముందు పిల్లలు వస్తాయి. ఈలోగా తల్లి ఏమరుపాటుగా ఉంటే ఉడుము గూడు తవ్వేస్తుంది. అదే ఉడుము నీళ్ల అంచున ఏమరుపాటుగా ఉంటే మొసలి నోట్లో పడుతుంది. ఎవరి పాపం ఎవరు లెక్క కట్టాలి?

గుడ్లే కాదు, ఉడుము తినని వస్తువు అడవిలో తక్కువ. పేడపురుగులు, వాటి పిల్లపురుగులు, తేళ్లు, నత్తలు, ఎండ్రకాయలు, కప్పలు, ఎలుకలు, పాములు, పక్షి గుడ్లు, చచ్చిన జంతువు. ఎక్కువ భాగం పురుగులే. అది వెతికే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. నాలుగడుగులు వేస్తుంది, పొడుగాటి చీలిక నాలుక బయటికి తీసి గాల్లో ఆడించి లోపలికి లాక్కుంటుంది. నాలుకకు అంటుకున్న వాసన అంగిట్లో ఉన్న జాకబ్సన్ అవయవానికి చేరుతుంది. కుడి చీలికకు వాసన ఎక్కువ తగిలితే కుడికి, ఎడమ చీలికకు తగిలితే ఎడమకు. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ నడిచే మనలాగే, కాకపోతే సిగ్నల్ పోదు. కిన్నెరసాని లోపల నా సిగ్నల్ మాత్రం చాలాసార్లు పోయింది.

నీళ్లంటే భయం లేదు. తోకను తెడ్డులా ఆడిస్తూ ఈదుతుంది, పావుగంటకు పైగా నీళ్లలో మునిగి ఉండగలదు. చెట్లెక్కుతుంది. పిల్ల ఉడుములైతే నేల మీద కంటే కొమ్మల మీదే ఎక్కువ. కొత్త శబ్దం వింటే వెనక కాళ్ల మీద లేచి, తోకను మూడో కాలులా ఆనించి చుట్టూ చూస్తుంది. వానలకు ముందూ వెనకా మగ ఉడుములు రెండు ఎదురుపడితే నిలబడి ఒకదాన్నొకటి వాటేసుకుని కుస్తీ పడతాయి. ఇలాంటి వీడియోలకు "ఉడుముల డ్యాన్స్" అనో, "లవ్ సీన్" అనో పేర్లు పెట్టి పంపిస్తుంటారు. డ్యాన్సూ కాదు, లవ్వూ కాదు. ఇద్దరు మొగవాళ్ల బలప్రదర్శన.

ఇక మన భాషలో దానికున్న అసలు పేరుప్రతిష్ఠ, ఉడుము పట్టు. వదలకుండా పట్టుకున్న ప్రతివాడికీ తెలుగులో ఈ మాటే వాడతాం. వడ్డీ వ్యాపారి నుంచి సీటు వదలని నాయకుడి దాకా. మరాఠాల దగ్గరికి వెళ్తే ఈ పట్టు మీద పెద్ద కథే ఉంది. 1670లో తానాజీ కొండాణా కోట ఎక్కడానికి యశ్వంతి అనే ఉడుము నడుముకు తాడు కట్టి గోడ మీదకు వదిలాడని, అది పట్టుకుంటే సైనికులు తాడు పట్టుకుని పైకెక్కారని. ఘోర్పడే అనే ఇంటిపేరు కూడా ఉడుము పేరు మీద వచ్చిందే అంటారు. కథగా బ్రహ్మాండం. కానీ ఏడు కిలోల జంతువు డెబ్బై కిలోల సైనికుణ్ని మోస్తుందా అన్నది మీరే ఆలోచించండి.

పట్టు అబద్ధం కాదు. అది ఎందుకోసం అన్నదే మనం మరిచిపోయాం. ఉడుము ఎవరినీ పట్టుకోవడానికి పట్టదు. తనను ఎవరూ లాగెయ్యకుండా ఉండటానికి పడుతుంది. కుక్కో, నక్కో, గద్దో వెంటబడితే ముందు పరుగు. దారి మూసుకుపోతే బుసకొట్టి, ఒళ్లు ఉబ్బించి, తోకతో చెళ్లుమని కొడుతుంది. మరీ మీదికొస్తే కరుస్తుంది. ఆ కాటు బాగా నొప్పెడుతుంది, గాయం చీము పట్టొచ్చు గానీ, నాగుపాము కాటుకు పోయినట్టు ప్రాణం పోతుందన్న భయం అక్కర్లేదు. కానీ దాని అసలు ఆయుధం బొరియ. సందులోకి దూరి, గోళ్లు రాతికి దిగేసి, ఒళ్లంతా గాలితో ఉబ్బించి బిరడాలా బిగుసుకుంటుంది. తోక పట్టుకుని ఎంత లాగినా రాదు. చిరుతపులి కూడా కాసేపు చూసి విసుగొచ్చి వెళ్లిపోవాల్సిందే.

మనిషి మాత్రం వెళ్లిపోడు. గడ్డపార తెచ్చుకుంటాడు. ఇన్ని లక్షల ఏళ్లు ఉడుమును కాపాడిన పద్ధతి, అంటే కదలకుండా ఒకచోట గట్టిగా పట్టుకుని ఉండటం, మనిషి దగ్గరికొచ్చేసరికి తనే ఉచ్చయింది. అది ఎక్కడుందో తెలిస్తే చాలు, పారిపోదు. తవ్వేదాకా అక్కడే ఉంటుంది. దొరికాక కూడా తొందరగా చావదు. నీళ్లు, తిండి లేకుండా రోజుల తరబడి బతికుంటుంది. కాళ్లు కట్టేసి సంచిలో వేసి ఎంత దూరమైనా తీసుకుపోవచ్చని అమ్మేవాడి ధైర్యం. మూటలోంచి కదులుతున్న మెడ ఒకటి చిన్నప్పుడు ఒక సంతలో చూశాను. నోరు తాడుతో కుట్టేసి ఉంది.

కొనేదెవరు? అడవిలో ఉండేవాళ్ల మీదకు నేరం తోసెయ్యడం మనకు తేలిక. తరాలుగా అడవిలో బతికినవాళ్లు ఆకలికి తిన్నదీ, పట్నం నుంచి కారులో వచ్చినవాడు ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చి తెప్పించుకున్నదీ ఒకటి కాదు. ఉడుము మాంసం తింటే నడుం నొప్పి పోతుందట. నూనె రాస్తే కీళ్లు పట్టేయవట. నెత్తురు తాగితే ఇంకేదో బలమట. ఇందులో ఒక్కదానికీ రుజువు లేదు. నాకనిపించేది ఏమిటంటే, ఈ మందు మాటలోంచి పుట్టింది. ఉడుముకు పట్టుంది, కాబట్టి తింటే మన నడుముకు పట్టొస్తుంది. ఆ లెక్కన కోడిని తిన్నవాళ్లమంతా తెల్లారుజామున నాలుగింటికే లేవాలి.

ఇంకో మోసం మరీ ఘోరం. పూజాసామగ్రి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో "హత్థా జోడీ" అని ఒక వస్తువు అమ్ముతారు. చేతులు జోడించినట్టుండే ఎండిన వేరు, ఇంట్లో పెట్టుకుంటే డబ్బే డబ్బు అని ప్రచారం. అది ఏ మొక్క వేరూ కాదు. మగ ఉడుము జననాంగాన్ని కోసి ఎండబెట్టింది. 2017లో పరిశోధకులు దీన్ని బయటపెట్టాక చాలా వెబ్‌సైట్లు తీసేశాయి. పూజగదిలో దేవుడి ముందు పెట్టుకున్నది ఏమిటో తెలిస్తే ఎంతమంది మళ్లీ కొంటారో!

కచేరీల్లో మృదంగం పక్కన వినిపించే కంజీరకు ఒకప్పుడు ఉడుము తోలే బిగించేవాళ్లు. ఆ నాదం వేరేదానికి రాదని విద్వాంసులు అంటారు. ఇప్పుడు మేకతోలుతో, సింథటిక్ తోలుతో వాయిస్తున్నారు. కచేరీలేమీ ఆగలేదు.

చట్టం సంగతి సూటిగా చెప్పేస్తా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది, అంటే పెద్దపులి ఉన్న జాబితాలోనే. వేటాడినా, అమ్మినా, కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే. శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. జరిమానా పాతిక వేలకు తగ్గదు. "బ్రో, ఉడుము కర్రీ" అని రీల్ పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఆ వీడియోనే కోర్టులో సాక్ష్యం. ముచ్చటపడి పెంచుకుందామన్నా కుదరదు. పెంపుడు సరదా ఎక్కడికి పోతుందో తెలియాలంటే అమెరికాలో ఫ్లోరిడాను చూడండి. కొనుక్కున్న నైలు ఉడుములు పెరిగి పెద్దవైతే భరించలేక వదిలేశారు. 1990 నుంచి కేప్ కోరల్ ఊళ్లో కాలువల పక్కన అవి సొంతంగా కాపురం పెట్టి, అక్కడి గుడ్లగూబల బొరియల దాకా వస్తున్నాయి. సొంతూళ్లో కాపలాదారు, పరాయి ఊళ్లో దొంగ.

మరి చూడాలంటే ఎలా? పెద్దాయన చెప్పినట్టే, కూర్చోవాలి. చలికాలం చివర్లో గానీ, వానలు తగ్గాక గానీ ఎండ కాసిన పూట, ఎనిమిదిన్నరకల్లా డ్యామ్ దగ్గర ఉండండి. స్పీకర్‌లో పాటలు వద్దు. బిర్యానీ మిగిలితే ఇంటికి తీసుకుపోండి, గట్టు మీద పడేస్తే ముందు కుక్కలు చేరతాయి, కుక్క వచ్చిన గట్టుకు ఉడుము రాదు. కనిపిస్తే ఇరవై అడుగుల దూరం చాలు, ఫోన్‌లో జూమ్ ఉంది కదా. బొరియలోకి దూరితే వదిలేయండి, కర్ర పెట్టి కెలకొద్దు. తిరిగొచ్చేటప్పుడు అడవి రోడ్డు మీద బండి నెమ్మదిగా పోనివ్వండి. కాగిన తారు దానికి మంచి పడక. అడ్డంగా పడుకున్న కర్రలాంటిది నిజంగా కర్రే కావాలని లేదు.

నేను లేచేటప్పటికి పదకొండు దాటింది. మూడున్నర అడుగుల ఆసామి మళ్లీ రాలేదు. టీకొట్టు దగ్గర పెద్దాయన్ని గుడ్ల గురించి అడిగాను. వానాకాలంలో కట్ట పక్కన గొయ్యి తీసి, మట్టి కప్పి, మూతితో అదుముతుందని, పక్కన ఉత్తి గోతులు కూడా తవ్వి మాయ చేస్తుందని చెప్పాడు. అదీ పుస్తకాల్లో ఉన్నదే. ఒక్కో తల్లి ఇరవై గుడ్ల దాకా పెడుతుంది. మన ఉడుము కూడా కొన్నిసార్లు చెదపుట్టనే ఎంచుకుంటుంది, నైలు ఉడుములాగే. పొదగడానికి మాత్రం 168 నుంచి 254 రోజులు, అంటే ఐదున్నర నెలల నుంచి ఎనిమిదిన్నర నెలల దాకా పడుతుంది.

వేళ్ల మీద లెక్కేసుకున్నాను. జూలైలో పెట్టిన గుడ్లు తొందరగా పొదిగితే జనవరికి, ఆలస్యమైతే మార్చి, ఏప్రిల్‌కు. సరిగ్గా అప్పుడే ఇప్పపూలు రాలతాయి. పూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారు, తునికి చిగురు బాగా రావాలని పొదల కింద నిప్పు పెడతారు. ఎండిన టేకాకుల మీద ఆ మంట ఎక్కడ ఆగుతుందో పెట్టినవాడి చేతిలో ఉండదు. అప్పుడే నేల పగలగొట్టుకుని బయటికొచ్చిన జానెడు పిల్లకు పట్టుకోవడానికి గోళ్లున్నాయి, ఎక్కడానికి చెట్టుంది. మంట కంటే ముందు చెట్టు దాకా చేరాలి.

"మార్చిలో రా," అన్నాడు పెద్దాయన, గ్లాసు కడుగుతూ. "పిల్లలు కొమ్మల మీద కనపడతయ్. అడవి కాలకపోతే."